ఇంటిపేరు సురేంద్రన్

12 జూలై 1998, ఆదివారం

సూరిగా, ఆఫీసులో నీ పక్క కుర్చీ దేవేంద్రన్ ఆంబూరు నుంచి వచ్చాడు. నీలాగే బిర్యానీ పొట్లం తెచ్చాడు. ఆ పొద్దు నువ్వు వచ్చి తింటానమ్మా అని ఇడ్లీ వదిలేసి బండెక్కావు. వేలూరు రోడ్డులో లారీ గుద్దింది. ఆ తరవాత ఈ ఇంట్లో బిర్యానీ తినడం ఇవాళే.

నీ పేటెంట్ కాగితాలు అమెరికాకు పోతాయంట. నువ్వు లేవు గనక మేము సంతకం పెట్టాలంట. నువ్వు కనిపెట్టింది నాకు తెలుసు. స్క్రీన్ మీద డబ్బాలు గీసి గీతలతో కలిపితే చాలు, ప్రోగ్రాం రాయకుండానే మిషన్ ఆ బొమ్మ ప్రకారం నడుస్తుంది. నాయన గళ్ల కాగితంలో అంచు బొమ్మ నింపితే మగ్గం అదే నేస్తుంది కదమ్మా, అట్లాంటిదే అన్నావు.

ఇంగ్లీషు నాకు రాదు. సురేంద్రన్ అనే నీ పేరుకు మొదట పాములాంటి అక్షరం, ఎస్ అంటారే అది, ఉంటుందని మాత్రం తెలుసు. కాగితం పైన పాము లేదు. ఇదేందప్పా అన్నాను. వాళ్లకు ఇనీషియల్ చెల్లదమ్మా, ఇంటిపేరే పెద్దగా ఏస్తారు, డి అంటే నాయన పేరు ధర్మలింగం గదా, దాన్నే ఇంటిపేరు చేసినారు, ఇంక లోకమంతా ధర్మలింగం పేటెంట్ అనే అంటాది అన్నాడు దేవేంద్రన్.

కనిపెట్టింది బిడ్డ, పేరు నాయనదా? పెట్టను పో అన్నాను. బుధవారం దాటితే ఇంకొకడు ముందర పడతాడమ్మా అని బతిమాలాడు.

13 జూలై

పెట్టలేదు.

14 జూలై, మధ్యాహ్నం

మీ తంగమ్మత్త వచ్చి ఎగతాళి చేసింది. అన్నా, అమెరికాలో నీ పేరు పడితే లుంగీకి రేటు పెంచొచ్చులే అంది. నువ్వు పోయినప్పటి నుంచి మీ నాయనా మూగే, మగ్గమూ మూగే. ఇవాళ నోరు తెరిచాడు. నాకు యాలమ్మే ఆ పేరు, ఇన్నాళ్లూ వాడి పేరు ముందర ఒక్కక్షరంగా ఉంటి, ఇప్పుడు వాణ్ణి యెనక్కి నెట్టి నేను నిలబడేదా అన్నాడు.  

15 జూలై, బుధవారం

ఇద్దరమూ బస్సెక్కి వేలూరు ఆఫీసుకు పోయాము. కొడుకును పోగొట్టుకున్నోళ్లని జనం చూస్తున్నారు. చూడనీ.

దేవేంద్రన్‌ను అడిగాను. ఇంటిపేరంటే ఏందప్పా, ఇంటికి పేరు తెచ్చినోడి పేరే గదా? మా ఇంటికి తెచ్చింది యెవరు? అట్లయితే వాడే మా ఇంటిపేరు, రాయి అన్నాను. దేవేంద్రన్ నవ్వాడు. నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తిరగేసి ఏస్తే సరిపోతాదమ్మా అని మళ్లీ టైప్ కొట్టించాడు. ముందు పేరు ధర్మలింగం. ఇంటిపేరు సురేంద్రన్.

తెలుగులోనే సంతకం పెట్టాను. మీ నాయనా పెట్టాడు.

16 జూలై

తెల్లారేసరికి మగ్గం చప్పుడు.

ఫిబ్రవరి 2001

పేటెంట్ కాగితం వచ్చింది. పైన పాము ఉంది.

కవరు మీద మిస్టర్ సురేంద్రన్ అని ఉంటే, యెవరిది అన్నాడు పోస్టాయన. నాదే అని తీసుకున్నాడు మీ నాయన.

నీ పటం ముందర ఇడ్లీ పెట్టాను. ఈ పుస్తకం ఎవరు తెరిచినా సరే, బయటికి పోయే ముందు కడుపు నిండా తినండి.