నక్షత్రం గుర్తు లేని ప్రశ్న

బావా,

ఈ ఉత్తరం వేయడానికి నీకు అడ్రసు లేదు. అయినా నీకే చెప్పాలి. గల్ఫ్‌లో నువ్వు పనిచేసే ఓడ బాంబు తగిలి మునిగి ఇవాళ్టికి మూడేళ్లు. మన ఎంపీగారు నీ గురించి పార్లమెంటులో అడిగారు. కాగితం మీద జవాబొచ్చింది: ఓడ మీది జెండా పరాయి దేశానిది కనుక మా దగ్గర వివరాలు లేవని.

పొద్దున ఢిల్లీ వెళ్తున్న ఆయన్ని నేనూ అక్కా దువ్వాడ స్టేషన్లో పట్టుకున్నాం.

"జెండా పరాయిదైతే మనిసి మనోడు కాడేటి బాబూ?" అంది అక్క.

"మన ప్రశ్నకి నక్షత్రం గుర్తు రాలేదమ్మా. ఆ గుర్తున్న ప్రశ్నకే మంత్రి లేచి నోటితో జవాబు చెబుతారు," అని ఆయన నసిగారు.

"అయితే మళ్లీ అడగండి. నాను ఎప్పుడూ పలకని పేరు ఆ మంత్రిగోరు నిలబడి పలకాల."

నేను రాసుకొచ్చిన అర్జీ మీద అక్క వేలిముద్ర వేసింది. తర్వాత నా పెన్ను తీసుకుని, గుమ్మం ముందు ముగ్గేసినంత నిదానంగా, అర్జీ పైన నక్షత్రం గీసింది. రైలు కూత వేసినా, ఆరు కొనలూ కలిసేదాకా ఆ కాగితం ఆయన చేతికివ్వలేదు.