ఆన్‌లైన్ రోజున కాలేజీకి

గురువారం, రాత్రి

ఈరోజు ఆన్‌లైన్ క్లాసులే. అయినా పొద్దున్నే బస్సెక్కి బాన్సువాడ వెళ్లాను. ఇంట్లో ఉంటే నేను చదువుకుంటున్నట్టు ఎవరికీ కనిపించదు. పోయిన వారం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అమ్మతోపాటు నాట్లు వేశాను. సార్ నా పేరు పిలిచేసరికి చేతులనిండా బురద. ఫోన్ తీయలేకపోయాను, ఆబ్సెంట్ పడింది.

కాలేజీలో మా క్లాస్‌రూమ్ తెరిచే ఉంది. మా క్లాసు సునీత కూడా పిట్లం నుంచి వచ్చి కూర్చుంది. ఇద్దరం ఫోన్లు ముందు పెట్టుకుని క్లాసు విన్నాం. సార్ గొంతు మొదట గోడ అవతలి నుంచి, ఆ తర్వాత ఫోన్లో వినిపించింది. ఆయన పక్క గదిలోనే ఉన్నారు! క్లాసు అయ్యాక బయటికొచ్చి, మమ్మల్ని చూసి ఆగారు.

"ఇయ్యాల ఆన్‌లైన్ గదా, గింత దూరం ఎందుకొచ్చిండ్రు?"

"ఇంట్ల ఉంటే పని చెప్తరు సార్," అంది సునీత.

"నాది గూడ గదే కథ," అన్నారు. ముగ్గురిలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఇంటికొచ్చేసరికి తల పగిలిపోతోంది. అమ్మ కాళ్లకు ఇంకా బురద ఆరలేదు.

"రేపు కాలేజున్నదా?" అని అడిగింది.

రేపూ ఆన్‌లైనే. ఉందన్నాను.

"అయితే నేనొక్కదాన్నే పోత తియ్యి. నీ సదువు ఆగొద్దు."

రేపటికి కాలేజీ డ్రెస్ తీసి పెట్టుకున్నాను. పొలానికి నేను తొడుక్కునే నాన్న పాత అంగీ కూడా పక్కనే పెట్టాను. ఏది వేసుకుంటానో మరి...