కార్వేటినగరం పొడి

ఆగస్టు 9, 2001, గురువారం

మూడు నెలలుగా నాకు నెలసరి లేదు. గంగమ్మ జాతరకు పొంగళ్లు పెట్టాలి, ఆ రోజుల్లో దూరం కాకూడదని అత్తమ్మ కార్వేటినగరం నుంచి నెలసరి ఆపే వేర్ల పొడి తెప్పించింది. తొమ్మిది రోజులు మజ్జిగలో తాగాను. జాతర బాగానే జరిగింది. ఆ తర్వాత "మా కోడలు నెల తప్పింది" అని ఆమె వీధంతా చెప్పుకుంది. నేనూ నమ్మాను.

ఈ రోజు డాక్టరమ్మ కడుపు కాదని తేల్చింది. పొడి సంగతి చెబితే పెన్ను పక్కన పెట్టింది. "దాంట్లో ఏముండాదో ఇచ్చినోడికన్నా తెలుసునా? హార్మోన్లు తారుమారైనట్టుండాది. రక్తపరీక్ష చేయించు, ఆ డబ్బా తీసుకురా" అంది.

ఇంటికొచ్చి డబ్బా మూత తీశాను. నేను సగం మిగిల్చిన పొడి అడుక్కి పోయింది.

"ఇదంతా యాడికి పోయిందత్తా?"

"పాపకిస్తా ఉండాను. శ్రావణ శుక్రవారాలు గదా, ఇంట్లో ఎవురూ దూరం కాకూడదు" అంది అత్తమ్మ, మజ్జిగ చిలుకుతూనే.

పాప, నా కూతురు. పద్నాలుగేళ్లు. పెద్దమనిషై ఏడాది కూడా కాలేదు.

"ఇంక ఇయ్యొద్దత్తా."

"నువ్వు తాగలేదా? నీకేమైంది?"

నాకేమైందో నాకే తెలియదు. పాప దగ్గరికెళ్లి, పోయినసారి ఎప్పుడయిందని అడిగాను. ఒక వేలు మడిచింది, తెరిచింది, మళ్లీ మడిచింది. "గుర్తులేదు మా. ఎందుకు?" అంది.

డబ్బా నా దిండు కింద పెట్టుకున్నాను. అత్తమ్మ దగ్గర ఇంకో పొట్లం ఉందేమో. రేపు శుక్రవారం. పాపకిచ్చే మజ్జిగ ముందుగా నేను రుచి చూడాలి.