కువైట్ సబ్బులు

ఎడ్లపాడు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల పునరావాసం చూసే ఆఫీసరు గారికి,

అయ్యా, నేనూ మా పక్కింటి కెజియా కువైట్‌లో ఇళ్లలో పనిచేసి ఒకే నెలలో వచ్చాం. ఇద్దరమూ గడువు దాటాకే అర్జీ పెట్టాం. ఒట్టి చేతులతో వచ్చిందని మానవతా దృష్టితో కెజియాకు కుట్టుమిషను ఇచ్చారు. పొద్దస్తమానం ఆ చప్పుడు గోడ ఇవతల నాకే వినపడుతోంది. ఆదివారం చర్చిలో కెజియా కృతజ్ఞతా ప్రార్థన కూడా ఆ మిషను వచ్చినందుకే.

నా దగ్గరికొచ్చిన మీ మనిషి మాత్రం, నేను వీధంతా పంచిన సబ్బులు చూసి, "నీకేందమ్మా, పెట్టె నిండా తెచ్చుకున్నావు గదా!" అని నా అర్జీ కొట్టేశాడు.

అయ్యా, నాకూ జీతం ఎగ్గొట్టారు. కువైట్ నుంచి వచ్చి ఇంటికో సబ్బన్నా ఇవ్వకపోతే వీధిలో తలెత్తుకోగలమా? హైదరాబాదులో విమానం దిగి, చెవి కమ్మలు అమ్మి, ఆ సబ్బులు అక్కడే కొన్నాను.

మళ్లీ విచారణకు వస్తే ఈ సంగతి కెజియా చెవిన పడనీయకండి. "నీ అంత అదృష్టం నాకేదక్కా" అంటుంటుంది. అది నన్ను చూసి కుళ్లుకునేది ఆ సబ్బులకే.

ఇట్లు,
కెజియా పక్కింటి మనిషి