ఆదివారం కోసిన గోధుమ

ఒరెగాన్, విలామెట్ లోయ. 1853

జూలై 3, ఆదివారం.
చర్చికి వెళ్లలేదు. పోయిన కోతల్లో ఆదివారం గోధుమ కోశానని మా మెథడిస్టు సంఘంలో క్లాసనే చిన్న ప్రార్థన గుంపుకు పెద్ద అయిన ప్రూయిట్ దాన్లోంచి నా పేరు కొట్టేసి ఏడాది కావస్తోంది. ఆ రోజు మబ్బు కమ్ముకొచ్చింది, కోశాను. దేవుడి రోజని ఆగిన ప్రూయిట్ చేను తడిసి మొలకలెత్తింది. చలికాలమంతా అతని పిల్లలు తిన్నది నా గోధుమే. ఆ మాట క్లాసులో ఎవరూ అనలేదు.
ఆ చర్చి తలుపు చేసింది నేను. మిషన్ వాళ్లతో ఓడెక్కి వచ్చినప్పుడు వాళ్లకున్న వడ్రంగిని నేనొక్కణ్ణే.

జూలై 11.
నా భార్య థిర్జా మంచం దిగలేదు. దగ్గితే రక్తం. ఆమెది ఒకటే కోరిక. ఈ నెల చర్చిలో జరిగే ప్రేమవిందులో నా పక్కన కూర్చుని ఒక్క రొట్టెముక్క పంచుకోవాలట. క్లాసులో పేరున్నవాళ్లకిచ్చే టికెట్టు లేనివాణ్ణి లోపలికి రానివ్వరు. ఆమెకుంది. నాకు లేదు. తప్పయిందని నలుగురిలో చెబితే ఇస్తారు. తప్పు కానిదాన్ని తప్పని ఎలా చెప్పను అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది.

జూలై 15.
ప్రూయిట్ వచ్చాడు. మెత్తగా మాట్లాడాడు, అందుకే ఒళ్లు మండింది. ఒక్క మాట చెప్పు బ్రదర్, అదీ ఆమె కోసం అన్నాడు. ముందు నీ పిల్లల చేత ఆ రొట్టెలు కక్కించు, తర్వాత చెబుతాను అన్నాను. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.
థిర్జా అంతా విన్నది.
"గెలిచావులేవయ్యా," అంది. "ఎవరి మీదో."

జూలై 19.
థిర్జా ఏమీ తినలేదు. ఈ నాలుగు అక్షరాలు నాకు నేర్పింది ఆమే. ఆమె కంట పడకుండా రాస్తున్నాను.

జూలై 24, ఆదివారం.
ప్రేమవిందు రోజు. బండిలో గడ్డి పరిచి థిర్జాను తీసుకెళ్లాను. దారంతా ఆ మాట చెప్పేద్దామనే అనుకున్నాను. తలుపు దగ్గర ప్రూయిట్. అందరూ చూస్తున్నారు. థిర్జా నా చొక్కా చెయ్యి పట్టుకుంది.
ఆ మాట చెప్పలేదు. బండి వెనక పలక దించాను.
సిస్టర్లు ఆమెను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూశారు. చేసిననాడు సందు లేకుండా బిగించాను దాన్ని. లోపలి పాట కూడా సరిగా వినబడలేదు.
తీసేటప్పటికి ప్రూయిట్ ఏడుస్తున్నాడు. ఆమె ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. పిడికిలి విప్పాను. రొట్టెముక్క. సగం కొరికి సగం ఉంచింది.

జూలై 25.
ఆమెకు పెట్టె చేశాను. ప్రూయిట్ రంపం రెండో కొస పట్టాడు. వద్దనలేదు.
ఆ సగం ముక్క అలమరలో ఉంది. తినలేను.

జూలై 28.
క్లాసుకు వెళ్లి నిలబడ్డాను. తప్పయింది అన్నాను. ఏ తప్పని ఎవరూ అడగలేదు. టికెట్టు ఇచ్చారు.

ఆగస్టు 7, ఆదివారం.
గోధుమ పండి నిలబడి ఉంది. పొద్దున్నే మబ్బు. ఇప్పుడు వాన.
కూర్చున్నాను.