పేరు చివర ‘గాడు’

ఆదిలాబాద్,
ఆదివారం

అన్నా,

మా జిన్నింగు మిల్లులో లెక్కలు రాసే మునీం నా పేరు కోసి, చివర ‘గాడు’ తగిలించి, కొత్త హాజరీ పుస్తకంలో ఎక్కించాడు. ముందుగా మీరంతా ఎట్లా ఉన్నారని అడగాలి. కానీ మూడు రోజులుగా ఇదే ధ్యాసగా ఉంది, అందుకే ముందు రాశాను. బాపు దగ్గు తగ్గిందా? చలికి అవ్వ మోకాళ్లు ఎక్కువ నొస్తున్నాయా? వదిన, పిల్లలు బాగున్నారా? నేను బాగానే ఉన్నాను. నా గురించి ఫికర్ పెట్టుకోవద్దని అవ్వకు చెప్పు.

ఇక్కడి చలి మన మంథని చలి లాంటిది కాదు. పొద్దున నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. పూటపూటకూ జొన్నరొట్టె, కారం. చుట్టుపక్కల వాళ్లు మరాఠీలో మాట్లాడుకుంటుంటే నేను తల ఊపుతూ కూర్చుంటాను. పగలంతా మిషను దగ్గర దూది పొట్టు ముక్కులోకి, నోట్లోకి పోతుంది. అయినా బాగానే ఉన్నాను.

సంగతి ఏమిటంటే, పత్తి సీజను అయిపోగానే కూలీలను పంపేస్తారు. ఏడాది పొడుగునా ఉంచుకునే కొద్దిమందిలో నన్నూ తీసుకున్నారు. మునీం పుస్తకం తిప్పి సంతకం పెట్టమన్నాడు. అందులో ‘పోశిగాడు’ అని ఉంది. నేను పక్కన ‘పోశయ్య’ అని సంతకం చేశాను.

“పోశయ్య ఎవడ్రా? గా పేరుగలోడు నా బుక్కుల లేడు.”

“నేనే. మీ పేరుకు గారు అని రాసుకున్నరు గద. నాకు గారు అక్కరలేదు, గాడు తీసెయ్యుండ్రి.”

“నేను పెట్టిన్నా? మొదటిరోజు పేరేందిరా అంటె, చేతులు కట్టుకొని ‘పోశిగాన్ని దొరా’ అని నువ్వే చెప్తివి.”

అది నిజం అన్నా. ఊరి దస్తరం రాసే పట్వారి ముందర బాపు తన పేరు అట్లాగే చెప్తాడు, నువ్వూ అట్లాగే చెప్తావు. నా నోటికీ అదే వచ్చింది. ఆ రోజు అది తప్పని కూడా తోచలేదు.

“మీ ఊరి పట్వారితోని కాయితం రాయించుకరా. నెలాఖరు దాంక సూస్త. లేకుంటె ఉన్న పేరుకే సంతకం పెట్టు. అదీ కాదంటె సంచి సదురుకో” అన్నాడు. మన పట్వారి ఏం రాసిస్తాడో అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

సంతకం పెడితే రేపు నాకు పుట్టేవాడు పోశిగాని కొడుకు అవుతాడు. పెట్టకపోతే మళ్లీ దొర పశువుల కొట్టమే నాకు దిక్కు. నేనే ఊరికి వద్దామంటే, ఒక్కరోజు రాకపోయినా ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. ఎటు కదిలినా గోడే తగులుతోంది.

సంతలో కొన్న చిన్న పుస్తకాలు చదివి, ఓటు పెట్టెలో దొర చీటీ, నా చీటీ ఒకటేనని నీతో కొట్లాడాను, గుర్తుందా? “పెట్టెల ఒకటే తియ్, బయటికొచ్చినంక సూద్దాం” అని నవ్వావు. నిన్ను పిరికివాడని తిట్టాను. ఇప్పుడు నీ మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఇంకొకటి కూడా దాచకుండా రాస్తాను. నా పక్కన పత్తిలో చెత్త ఏరే ముసలామె ఉంది. నా గొడవ విని ఆమె అన్నది:

“నీకు గాడన్న ఉన్నది బిడ్డా. గా బుక్కుల మా సంగతి సూశినవా? ‘ఆడోళ్లు ఇరవై’ అని రాస్తడు. గా ఇరవైల నేను పదోదాన్నో పదకొండోదాన్నో ఎవలకెరుక?”

ఆడవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను.

“నువ్వేమన్న తక్కువనా? రోజూ ‘ముసల్దానా, జరుగు’ అంటవు. నా పేరేంది, చెప్పు.”

అప్పుడు ఆమెనే అడిగాను. ఆమె పేరు రాజవ్వ. రెండు నెలలు పక్కనే పనిచేసి నేను అడగలేదు. మనుషులంతా నిజంగా సమానం కాగలరా అంటే, ఇదివరకటి అంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. నేనూ ఒకరికి మునీంనే అయ్యాను కదా. కానీ ఎవరి పేరు వాళ్లకు పూర్తిగా దక్కకుండా ఆ సమానం మొదలు కూడా కాదు. ఇది మాత్రం గట్టిగా చెప్తాను.

సిగ్గుతో రాస్తున్నాను, వదిన పేరు కూడా నాకు తెలియదు. ఆమె చేతి అన్నం ఇన్నేళ్లు తిని ‘లక్సెట్టిపేట వదిన’ అనే పిలిచాను. ఆమె పేరు ఆమెనే చెప్పమని అడిగి నాకు రాయి.

పట్వారి పొలం పాలుకు చేస్తున్నావు, అది పోతుందని భయపడతావు. నేనూ భయపడుతూనే రాస్తున్నాను, ఆయనతో నా పూర్తి పేరుకు కాయితం రాయించి పంపు. ఒక్కడివే పోతే తిట్టి పంపుతాడు, అందుకని ఒక్కడివే పోవద్దు. బాపు, అవ్వల కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు. పెద్దమనుషులందరికీ నా దండాలు చెప్పి, ఈ ఉత్తరం వాడలో చదివి వినిపించు. ‘గాడు’ అని రాయించుకున్న ప్రతి మగవాడూ, అసలు పేరే రాయించుకోని ప్రతి ఆడమనిషీ రావాలి. ఎవరి పేరు వాళ్లు, చేతులు కట్టుకోకుండా, పూర్తిగా చెప్పి రాయించుకోవాలి. ఈ ఉత్తరం అందినాక వచ్చే బుధవారం పొద్దున ఎనిమిది గంటలకు, పట్వారి కూర్చునే చావడి ముందర నిలబడండి.

నీ తమ్ముడు
పోశయ్య