నాలుగో రోజే అందిన ఉత్తరం

గోదావరిఖని,
20-11-2011, ఆదివారం.

అక్కకు నీ తమ్ముడు రాజలింగు దండం పెట్టి రాసేది. ఇక్కడ అవ్వ, నేను, నీ మరదలు, బిడ్డ అందరం పానం మంచిగనే ఉన్నం. శ్రీరాంపూర్ల నువ్వు, బావ, పిల్లలు గూడ సల్లగుండాలె.

నీ ఉత్తరమొచ్చి పది రోజులాయె. జవాబు రాలేదని తిట్టుకుంటున్నవేమో, తిట్టుకో. మూడుసార్లు కాయితం ముంగటేసుకున్న. "అక్కకు" అని రాసుడు, లేసి చాయ్ తాగొచ్చుడు, మళ్ల కాయితం మడత వెట్టుడు. నీ మరదలు చూసి, సెలవు చీటీ రాయనీకి గూడ ఇంత ఆలోచన చెయ్యవు గదా, అక్కకు రాయనీకి ఏమొచ్చింది అన్నది. ఏమొచ్చిందో ఆమెకు గూడ నిన్ననే చెప్పిన.

ముందుగాల నువ్వడిగినయి చెప్త. అవ్వ మోకాలుకు దవాఖానల సూది వేయించినం. మెట్లు ఎక్కుతున్నది గని, దిగేటప్పుడు ప్రతి మెట్టుకు నన్నొక మాట అంటది, పై అంతస్తు క్వార్టర్ ఎవడు తీసుకొమ్మన్నడురా అని. బిడ్డకు జరం తగ్గి బడికి పోతున్నది. నా డ్యూటీ లాంపు క్యాబిన్లనే. రాష్ట్రం కోసం చేసిన సమ్మె అయిపోయినంక ఈ నెలంత ఫస్టు షిఫ్టు వడ్డది. బొగ్గు బాయిల దిగేటోళ్లకు లైట్లు ఇచ్చుడు, పైకొచ్చినంక లెక్క చూసి తీసుకునుడు, అంతే పని. బావను సెకండు షిఫ్టు దిగినంక బండి మెల్లగ నడపమని చెప్పు.

ఇగ నీ కంప్యూటర్ క్లాసుల నేర్చుకున్న నుస్రత్ గురించి, నీ ఉత్తరంల ఆఖరు మాట. "నుస్రత్‌కు నేనే తప్పు నేర్పిన్నా తమ్మీ? ఆమె ముఖం చూడలేకపోతున్న. వచ్చే నెల సంది క్లాసు బంద్ చేస్తున్న" అని రాసినవ్. దీనికి జవాబు చెప్పాలంటే మొదటి సంది చెప్పాలె. నీకు తెలిసిన ముచ్చట్లే అయినా జర ఓపిక వట్టి విను, వరుసగ చెప్తేనే నాకు ధైర్యమొస్తది.

ఊరికే దొరికే ఆ ఆఫీసు సాఫ్టువేరును తెలుగు చేస్తున్నం, దానికి పుస్తకం గూడ రాస్తున్నం, నువ్వు రాస్తవా అని రెండేండ్ల కింద నిన్ను అడిగింది నేనే. ఇంట్ల వంట చేసుకుంట, కాలనీ ఆడోళ్లకు కంప్యూటర్ నేర్పుకుంట, అయిదు పాఠాలు నోటుబుక్కుల రాసి పంపినవ్. నీకు నెట్ లేదని నేను టైపు చేసి నెట్ల మా గ్రూపుల పెడుతుంటి. గ్రూపుల ఎవ్వలకు జీతం లేదు, ఎవ్వలకు పెద్దరికం లేదు. తీరిక దొరికినోళ్లు దొరికినంత రాస్తరు. అందుకే ఒక్కొక్క పాఠంల ఒక్కొక్క భాష. ఫైలు మూసేటప్పుడు కంప్యూటరు అడుగుతది గదా, చేసిన పని ఉంచాల్నా పోగొట్టాల్నా అని. ఆ పోగొట్టే మీటకు నీ పాఠాలల్ల "పారెయ్యి" అని ఉండె, విజయవాడాయన పాఠంల "తొలగించు", నా పాఠంల "వదిలివేయి". ఒక్క మీటకు మూడు పేర్లేంది, చదివేటోళ్లు ఏం కావాలె అని మొట్టమొదలు అడిగింది నువ్వే. తెర మీద ఏది ఉంటే పుస్తకంల అదే ఉండాలె, అందరు కలిసి ఒక్క మాట ఖాయం చెయ్యాలె అన్నవ్.

నీ మాట వట్టుకొనే మాటల పట్టిక మొదలైంది. హైదరాబాదుల గ్రూపు నడిపే భార్గవి మేడం ఆ పట్టిక నా చేతికిచ్చింది. కాయిదా ఒక్కటే. ఒక మాట ముంగట వెట్టినంక ఏడు రోజులల్ల ఎవ్వలు వద్దని రాసియ్యకపోతే అది ఖాయం. ఖాయమైన మాట తెర మీద మారుతది, పుస్తకమంతట మారుతది. అప్పటి సంది గ్రూపుల నన్ను "రాజలింగు గారు" అనవట్టిన్రు. లాంపు క్యాబిన్ల నన్ను గారు అనేటోడు ఎవడక్క? ఓ లింగూ, లైటు మసకగున్నది మార్చు అంటరు. నాకు ఆ గారు మస్తు తలకెక్కింది.

ఆ మీటకు "విస్మరించు" అని నేనే నిఘంటువు తిరగేసి తీసిన. హుందాగ ఉన్నది, పుస్తకానికి తగినట్టున్నది అని నలుగురు మెచ్చుకున్నరు. నీ "పారెయ్యి" మీద ఒకాయన, ఇది వాడకట్టు మాటలెక్క ఉన్నది అన్నడు. నేను ఏమన్న అనాలె గదా, అది మా అక్క రాసింది, మా దగ్గర అందరు అట్లనే అంటరు అని. అనలే. నవ్వే బొమ్మ ఒకటి పెట్టిన. పొద్దంత చౌరస్తాల సమ్మె డేరాల కూసొని మా భాష, మా యాస అని గొంతు పోయేదాక అరిచిన. సాయంత్రం నెట్ సెంటర్ల కూసొని ఆ భాషకే సిగ్గువడ్డ.

ఆ మాట ఫోన్ల చెప్తే, వద్దని నువ్వు ఉత్తరం రాసి పంపినవ్. తర్వాత నీకు ఫోన్ల చెప్పిన గుర్తున్నదా, నీ అభ్యంతరం గడువు దాటినంక అందింది, సమ్మెల తొవ్వలన్ని బందాయె, మనమేం చేస్తం అని? నువ్వు గూడ సరే పోనియ్యి తమ్మీ, సమ్మె కన్న ఎక్కువనా అన్నవ్. అదే పట్టుకొని నేను నిమ్మళంగ ఉన్న.

ఆ ఉత్తరం నాకు నాలుగో రోజే అందింది అక్క. బస్సులు లేవనే గదా నువ్వు మీ కాలనీ బుచ్చన్న చేతికిచ్చి పంపినవ్. ఆయన బండి మీద బ్రిడ్జి దాటి, నడుమ రాస్తారోకోల గంటన్నర ఆగి, మా ఇంటికొచ్చి నా చేతుల వెట్టి, మీ అక్క జల్ది ఇయ్యమన్నదని చెప్పి నీళ్లు తాగి పోయిండు. నేను చదివిన. మడత వెట్టి ప్యాంటు జేబుల వెట్టుకున్న. ఇంక మూడు రోజులుండె. ఆ మూడు రోజులు నెట్ సెంటరుకు పోయిన, మిగతావన్ని టైపు చేసిన, నీది చెయ్యలే. ఎనిమిదో రోజు "ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఖాయం" అని నా చేతులతోనే రాసిన.

అంతటితోని అయిపోతే నేను ఎన్నడు చెప్పకపోదునేమో. నీ ఉత్తరంల ఏమున్నదో నీకు యాదికున్నదా? నాకు అక్షరం అక్షరం యాదికున్నది. "నా మాటే ఉండాలని లేదు. ఏ మాటైనా సరే గని, ముందుగాల నలుగురికి చూపియ్యున్రి. నా క్లాసుల తొమ్మిది మందికి ఈ మాట చూపించిన. ఏడుగురు తెల్వదన్నరు. సమ్మవ్వ భయపడి వేలు తీసింది. నుస్రత్ బేగమైతే ఇది పెద్ద మాట, ఇది నొక్కితే పని భద్రంగ ఉంటది కావచ్చు అన్నది."

నుస్రత్ పేరు అందులనే ఉండె అక్క. నేను చదివిన.

నీ క్లాసు కంప్యూటర్లల్ల పాత తెలుగే ఉండె. నుస్రత్ కొలువుకు పోయిన మంచిర్యాల ప్రైవేటు బడిల మాత్రం మా గ్రూపోళ్లు కొత్తది వేసిచ్చిన్రు. కొలువు ఇచ్చే ముందు ఒక రోజు పని చేసి చూపియ్యమంటే ఆమె పొద్దటి సంది కూసొని రెండు వందల మంది పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు టైపు చేసింది. మూసేటప్పుడు ఆ పెద్ద మాట కనవడ్డది, నొక్కింది. ఒక్క పేరు మిగల్లే. తెల్వని దాన్ని పంపిన్రని వాళ్లు పంపిచ్చేసిన్రు. ఆమె నిన్ను ఒక్క మాట గూడ అనలేదని రాసినవ్. అదే నన్ను తింటున్నది. నువ్వు తప్పు నేర్పలే. ఆ మాటతోని ఏమైతదో నువ్వు ముందే చెప్పినవ్. నేను జేబుల వెట్టుకున్న.

మొన్న గురువారం సెలవు పెట్టి ఆ బడికి పోయిన. జరిగింది చెప్పిన. వాళ్లు మంచిగనే విన్నరు గని, ఆ కుర్చీల ఇంకొకామె కూసొని ఉన్నది. ఆ కొలువు మళ్ల తెచ్చిచ్చే తాకతు నాకు లేదు. నిన్న నీ ఉత్తరం ఫోటో తీసి గ్రూపుల పెట్టిన, నీ రాత అట్లనే. దాని కింద నేను చేసింది రాసిన. పట్టిక ఇంకెవలకన్న ఇయ్యున్రి అన్న. దానికి భార్గవి మేడం ఒక్కటే రాసింది. ఆ మాట మళ్ల తెరుస్తున్నం, ఈసారి ఏ మాటైనా అనసూర్య గారి క్లాసుల చూపించినంకనే ఖాయం చేస్తం, ఆమె ఒప్పుకుంటరా కనుక్కోండి అని. నిన్ను అడిగే మొఖం నాకు లేదు. నీ పేరు మీద మెయిల్ ఒకటి తెరిచి, పాస్‌వర్డు వేరే చీటీల రాసి ఇందుల పెట్టిన. మీ కాలనీ గేటు కాడ కొత్తగ నెట్ సెంటర్ పెట్టిన్రట గదా. అవునని రాస్తవో కాదని రాస్తవో నువ్వే రాయి. ఇగ నీ మాటకు నడిమిట్ల నేను వద్దు.

ఈ ఉత్తరం నుస్రత్‌కు చదివి వినిపియ్యి. ఆమె నన్ను ఏమంటే అది పడుత. కాని అక్క, అడగాలంటే ఆ తొమ్మిది మందే దిక్కు. నువ్వు క్లాసు బంద్ పెడితే రేపు ఇంకో పెద్ద మాట వస్తది, అది తెల్వదని చెప్పేటోళ్లు ఉండరు. కోపం నా మీద ఉంచుకో, ఎన్నేండ్లైనా ఉంచుకో. వచ్చే నెల గూడ క్లాసు మాత్రం పెట్టు.

ఇట్లు,
నీ మాట దాచి నిన్ను తప్పుదాన్ని చేసిన
నీ తమ్ముడు
రాజలింగు